కరిగిన మంచులో పోయిన పరుగు

ఉత్తర సరస్సుల కాలేజీల బేస్‌బాల్ లీగ్ కమిషనర్ గారి సముఖమునకు,

విషయం: ఏప్రిల్ 27 ఆదివారం మధ్యాహ్నం 3:51కి మా హాలో లేక్ కాలేజీ జట్టు గెలుపు పరుగును, అప్పటికే కరిగిపోయిన మంచు పేరిట రద్దు చేయుట, సీజను, నిబంధనల సవరణ గురించి.

అయ్యా,

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ ఊరి పత్రికకు ఆటల వార్తలు రాస్తున్నాను. అర్జీ రాయడం ఇదే మొదలు. జరిగింది జరిగినట్టు మనవి చేస్తున్నాను.

1. ఎడమ ఫీల్డు మూలన మంచుకుప్ప ఉంది. బంతి అందులో పడితే ఎవరైనా రెండు బేసులే ముందుకు జరగాలని ఒంటిగంటకు ఇరు కోచ్‌లూ అంపైరు డెల్బర్ట్ క్రోల్ గారి ఎదుట ఒప్పుకున్నారు. అప్పుడు కుప్ప కంచె నుంచి ఇరవై రెండడుగుల మేర పరుచుకుని ఉంది, ఆయనే కొలిచారు. తర్వాత ఎండ కాసింది. 3:51కి తొమ్మిదడుగులు, నేను కొలిచాను.

2. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 7-7, ఇద్దరు ఔట్, మొదటి బేసు మీద మావాడు. ఆఖరి సంవత్సరం విద్యార్థి గ్రేడీ నీమెలా కొట్టిన బంతి కుప్పకు ఇవతల, ఒంటిగంటకు మంచు ఉన్నచోట, బురదలో పడింది. మొదటి బేసు మీదివాడు మిగతా బేసులన్నీ చుట్టి పరుగు పూర్తిచేశాడు. జనం మైదానంలోకి దూకారు. అంపైరు గారు అతణ్ణి మూడో బేసుకు వెనక్కి పంపారు.

"కుప్ప కరిగిపోయిందయ్యా డెల్బర్ట్!" అన్నారు మా కోచ్ బడ్ ఓస్టర్.

"కుప్ప కరిగితే ఒప్పందం కరుగుతుందా బడ్? ఒంటిగంటకి అక్కడ మంచుంది."

"ఒంటిగంటకి నా కడుపులో మాంసం కూరిన పాస్టీ లేదు, ఇప్పుడుంది. అదీ చెల్లదంటావా?"

నీమెలా అమ్మమ్మ బెంచీ ఎక్కింది. "ఒరే డెల్బర్టూ, లేని మంచు కనిపిస్తుందిగానీ ఉన్న బంతి కనపడదేంరా? నీకు బళ్లో లెక్కలు చెప్పింది నేనేరా!"

"మీరు చెప్పారు కాబట్టే టీచర్‌గారూ, ఇరవై రెండంటే ఇరవై రెండే."

3. తర్వాతి బ్యాటరు మూడో ఔటయ్యాడు, దాంతో ఇన్నింగ్స్ ముగిసింది. అతిథి జట్టు బస్సు కోసం నాలుగు దాటాక కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టరాదన్న నిబంధన ప్రకారం 4:03కి ఆట డ్రా అయింది. బస్సు కదిలింది 5:20కి. అంతసేపూ దాని డ్రైవరు మంచుకుప్ప గురించి వాదిస్తున్నాడు.

4. డ్రాతో మాది ఐదో స్థానం. టోర్నమెంటుకు నాలుగు జట్లే వెళతాయి. గెలిచి ఉంటే పంతొమ్మిదేళ్లలో మొదటిసారి వెళ్లేవాళ్లం. నీమెలాకు ఇక కాలేజీ ఆట లేదు.

5. సీజను ఫిబ్రవరిలో మొదలవుతుంది. మావాళ్లు వ్యాయామశాల చెక్కనేల మీద సాధన చేసి, పద్దెనిమిది ఆటలు మంచులేని దక్షిణాది రాష్ట్రాల్లో ఆడి, సొంత మైదానంలో గడ్డిని తొలిసారి ఏప్రిల్ 19న చూశారు. ఆ రోజు ఎడమ ఫీల్డరు గడ్డి మీద పడుకుని లేవనన్నాడు.

కావున సీజనును మార్చి నెలాఖరున ప్రారంభించాలనీ, మంచు హద్దును ప్రతి ఇన్నింగ్స్‌కూ కొలవాలనీ, మా పరుగు మాకు ఇప్పించాలనీ, అది కుదరకుంటే శుక్రవారం పదో ఇన్నింగ్స్ ఆడించాలనీ ప్రార్థన. ఈ సంగతులు దయతో చిత్తగింతురు గాక.

తమ విధేయుడు,
లాయిడ్ మాట్టిలా,
క్రీడా విలేకరి

తా.క. "పాస్టీలు పెడితే పదో ఇన్నింగ్స్‌కు వస్తాం" అని అతిథి జట్టు కోచ్ ఫోన్ చేశారు. తమ కమిటీ గురువారం పదకొండింటికి కూర్చుంటుంది. బుధవారం ఆరంగుళాల మంచు పడుతుందని వాతావరణ శాఖ చెబుతోంది. గురువారం ఉదయం ఏడింటికి మొత్తం జట్టు పారలతో మైదానానికి వస్తోంది. తమరు ఒప్పుకుంటే శుక్రవారం రెండింటికి ఆట. ఒప్పుకోకపోయినా ఆడతారట.