ఇరవై మూడో ఎలుక గుండె

మా కందిరీగకు,

పరిశోధన పత్రికలో నీ పేరు చూసి కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాను. మూడోసారి తుడుచుకున్నది మాత్రం కోపంతో. ఎనిమిది వారాలు నలభై ఎలుకల తోకలకు బరువులు కట్టి నిచ్చెన ఎక్కించావు. సగం వాటికి మేతలో నాచు పొడి కలిపావు. చివర్లో గుండెలు తూచేటప్పుడు నీ చేతులకు తొడుగులుంటే, నువ్వు ఫోనులో బరువులు చదువుతుండగా నాలుగు సాయంత్రాలు రాసిపెట్టింది నేను. మరి వ్యాసంలో ముప్పై ఏడే ఉన్నాయేం? నాచు తిన్నవాటిలో మూడు గల్లంతు. పట్టికలో లేని నంబర్లు చూసి నా నోట్‌బుక్కు తీశాను. ఆ మూడింటికీ గుండె పెరగలేదు. అవి పోతే, నాచు గుండె కండను పెంచుతుందని ఎంచక్కా చెప్పుకోవచ్చు. పొడి పంపిన కంపెనీవాళ్లూ మురిసిపోతారు.

అడిగితే, అవి జబ్బు ఎలుకలని, మీ గైడు సారు తీసేయమన్నారన్నావు. జబ్బువా? నిచ్చెన మీద అవే పిడుగులని నాతో చెప్పి నవ్వింది నువ్వు కాదూ? ముప్పై నాలుగేళ్లు బళ్లో లెక్కలు చెప్పాను. జవాబు ముందు రాసుకుని లెక్క తర్వాత చేసేవాళ్లను బెంచీ ఎక్కించాను. నిన్నేం చేయమంటావు? పట్టా రాదని నీ భయం. దొంగ లెక్కతో వచ్చిన పట్టా నా గుమ్మం తొక్కకూడదు. పత్రికవాళ్లకు నిజం రాయి.

కోపం తగ్గని
అమ్మమ్మ

కందిరీగా,

రాశావు. మీ సారు నిన్ను ప్రయోగశాల గడప తొక్కనివ్వలేదు, రిజిస్టరూ ఇవ్వలేదు. పత్రికవాళ్లు ఆధారం అడిగారు కాబట్టి నా నోట్‌బుక్కే నీకు దిక్కు. పంపేముందు సరిచూశాను. మూడోరోజు చివర్న నువ్వు చెప్పిన మొత్తానికీ నా మొత్తానికీ తొంభై మిల్లీగ్రాముల తేడా. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోయిందంటే, రాసేవాళ్లు అంకెలు తారుమారు చేశారేమో చూడాలి. ఆనాటి పదింటిలో అలా కుదిరేది ఇరవై మూడో ఎలుక ఒక్కటే. తొమ్మిది వందల ఎనభైని ఎనిమిది వందల తొంభై అని రాశాను. తీసేసిన మూడింటిలో అదొకటి, నిజానికి దాని గుండె పెరిగింది. పెరిగినదాన్నీ తీసేశాను కదా, జబ్బు చూసే తీసేశానని వాదించడానికి మీ సారుకు నేనే ఒక ఎలుకను అందించాను.

ఫోను చేస్తే ఏమన్నావు? "అమ్మమ్మా, ఆ ఒక్క అంకె అలా వదిలెయ్యి. ఎవరు చూడొచ్చారు?"

నిన్ను తిట్టడానికి నోరు రాలేదు. అదే మాట పొద్దున్న పొయ్యి దగ్గర నిలబడి నాకు నేనే చెప్పుకున్నాను. ఈ వయసులో, ఇంత చదివి.

తప్పు అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, సరైనది పైన రాసి, సంతకం పెట్టాను. నోట్‌బుక్కు నేరుగా పత్రికవాళ్లకే పంపించేశాను. నీ మీద నమ్మకం లేక కాదు. ఇంకో రోజు ఇంట్లో ఉంటే నా మీద నాకే ఉండేది కాదు.

అమ్మమ్మ