ఉలవలు చిట్టికి, నీళ్లు అమ్మకి

పుంగనూరు,
2025 నవంబరు 18, మంగళవారం.

కుప్పం వాస్తవ్యురాలు, ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే మహారాణి, పూజ్యురాలైన సరళక్కకు నీ తమ్ముడు మునిశేఖర్ సాష్టాంగపడి రాయునది. సాష్టాంగం సగంలో ఆగింది. కింద అమ్మ వేరుశనక్కాయలు ఆరబోసింది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని ముఖం చిట్లించకు. ఫోనులో ఏం మాట్లాడినా అమ్మ పక్కన కూర్చుని వింటుంది. ఇది ఆమె వినకూడని సంగతి.

అమ్మ కడుపు ఆపరేషన్ కుట్లు మానాయా లేదా అని కదా నీ బెంగ. చెబుతాను, క్రమంగా. పోయిన నెల మదనపల్లె డాక్టరు కట్టు విప్పి చూసి, ఒంట్లో ప్రోటీన్ లేక గాయం మానడం లేదన్నాడు. నలభై ఎనిమిది కేజీల మనిషికి ఇలాంటప్పుడు రోజుకు అరవై గ్రాములైనా పడాలట. నెలలోగా మానకపోతే మళ్లీ కుట్లు వేయాలట. అమ్మ ఆయనతో, "మేము సంగటి తినేవాళ్లం సార్, మాకు బలానికేం తక్కువ" అంది. ఆయన నా వైపు చూశాడు. నేను అంగళ్లు కాలేజీలో బీటెక్ చదివినవాడిలా తలూపాను.

ఇంటికొచ్చి పరిశోధనకు దిగాను. మన ఇంట్లో ప్రోటీన్‌కు కొదవ లేదక్కా, అది నడిచే దారే వేరు. గుడ్లు పొదిగే కోడి కిందికి పోతాయి. పాలు డెయిరీకి పోతాయి. ఇక ఉలవలు కుండెడు ఉడుకుతాయి. గుగ్గిళ్లు మన ఆవు చిట్టికి, ఆ ఉడికిన నీళ్లు చారై మనకు. నాన్నా నేనూ తిన్నాక అడుగున మిగిలిన చారు అమ్మకు. నా లెక్క ప్రకారం అమ్మకు రోజుకు పాతిక గ్రాములు కూడా అందడం లేదు. బల్లంత ఎత్తు లేని చిట్టి మాత్రం వస్తాదులా తయారైంది.

ఆ గుగ్గిళ్లేవో నువ్వు తినమ్మా అంటే, "అది నోరులేని జీవమప్పా, దాని నోటికాడిది నేను తింటే పాపం తగల్దా" అంది. నాకు నోరుంది కదా, నేను అడుగుతున్నా కదా అన్నాను. "నీ నోటి సంగతి ఊరంతా తెలుసులే" అంది.

మదనపల్లె నుంచి ప్రోటీన్ పొడి డబ్బా తెచ్చాను. వారానికే ఖాళీ. నేను గర్వంతో మీసం తిప్పుతుండగా చిట్టి కుడితి తొట్టిలోంచి చాక్లెట్ వాసన వచ్చింది. అడిగితే, "నాకు వాంతికొచ్చెనప్పా. పారబోయలేక దానికి పోస్తి. బాగా తాగె" అంది.

ఇక పక్కింటి జహీరా చిన్నమ్మే దిక్కని పోయాను. పరుపులు కుట్టుకుంటూ ఒంటరిగా ఉంటుంది కదా. అంతా విని, "మీ అమ్మ మొండిది. నేను జగమొండి. సూస్తా ఉండు" అంది. మర్నాడు మధ్యాహ్నం గుడ్ల పులుసు గిన్నెతో వచ్చి నట్టింట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నువ్వు తిను, నేను తర్వాత తింటానని అమ్మ అంటే, "నువ్వు కూసుంటేనే తింటా కాంతక్కా, లేకుంటే ఇట్లే లేసి పోతా" అంది. ఇంటికొచ్చిన మనిషి తినకుండా లేచిపోవడం అమ్మ పుట్టింట్లోనూ లేదు, మెట్టింట్లోనూ లేదు. కూర్చుంది.

ఇప్పుడు రోజూ ఇదే తంతు. చెరి రెండు గుడ్లు, గట్టి పప్పు, తాలింపు పెట్టిన గుగ్గిళ్లు, చివర గ్లాసు పాలు. చలి మొదలైంది కదా, అనపగింజలు నానబెట్టి, ఊరివాళ్లందరి మీదా చాడీలు చెప్పుకుంటూ తొక్క ఒలిచి పితికిపప్పు కూడా చేసుకుంటున్నారు. సంగటిలో తక్కువైన ప్రోటీన్ పప్పు పూడుస్తుంది, పప్పులో తక్కువైంది సంగటి పూడుస్తుంది అని నేను ఉపన్యాసం మొదలుపెడితే, "మా అవ్వ ఏ కాలేజీకి పోయి రెండూ కలిపి పెట్టిందప్పా" అని అమ్మ ఆపేసింది. చిట్టికి తవుడూ చెక్కా వేస్తున్నాం. అది నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటోంది.

నిన్న మదనపల్లె పోయాం. డాక్టరు కట్టు విప్పాడు. గాయం మూసుకుపోయిందక్కా. కుట్లు అక్కర్లేదు. ఇంకో నెల ఇలాగే తినమన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో అమ్మ నా భుజం మీద నిద్రపోయింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఎండ కళ్లలో పడుతోంది, అంతే.

ఇట్లు,
చిట్టికి శత్రువు, నీకు తమ్ముడు,
మునిశేఖర్

తా.క.: ఆదివారం నువ్వొచ్చినప్పుడు, అమ్మకు తినిపించినందుకు జహీరా చిన్నమ్మను అమ్మ ముందు మెచ్చుకోవద్దు. ఆ మర్యాద ఒక్క పూటే పనిచేసింది. రెండో రోజు అమ్మ ఆకలి లేదని లేచిపోతుంటే, పెరట్లోకి పిలిచి ఒక అబద్ధం చెప్పాను. చిన్నమ్మ ఒంట్లో కూడా బలం లేదట, డాక్టరు గుడ్లూ పప్పూ తినమన్నాడట, తోడు లేకపోతే ముద్ద దిగదట అని. అమ్మ గబగబా వెళ్లి కూర్చుంది. నిన్న బస్సు దిగాక నన్ను పక్కకు పిలిచి, "జహీరా పైకి లావుగా కనపడతాది గానీ లోపల ఏమీ లేదప్పా, పాపం. నాకు మానిందని నేను మానేస్తే ఆయమ్మి గతేమి?" అంది.