చలికాలానికి ఒక చవక తుపాకీ

ఆగస్టు 12, కొండ మీద ఇల్లు

చెల్లెలు సోల్వేకి,

అన్నయ్య ఆర్విడ్ రాస్తున్నది. నేను కులాసా. మోకాలు నేను చెప్పుకునేంత బాగా లేదు, నువ్వు ఊళ్ళో చెబుతున్నంత ఘోరంగానూ లేదు.

ఆదివారం చర్చి మెట్ల మీద పదిమంది ముందు నువ్వు పెట్టిన షరతుకి ఒప్పుకుంటున్నాను. నవంబరు ఒకటిన నువ్వొచ్చి చూస్తావు. ఏ ఆపద వచ్చినా మోంటానా చలికాలాన్ని ఒంటరిగా నెగ్గుకురాగలనని తేలితే నా ఇంట్లో నేనుంటాను. తేలకపోతే పెట్టె సర్దుకుని నీ ఇంటి వెనకగదికి వచ్చేస్తాను. రానని ఇప్పుడే చెబుతున్నాను. డెబ్భై తొమ్మిదేళ్ళు వచ్చిన మనిషిని చెల్లెలి ఇంట్లో అడిగి అన్నం తినమంటే కుదరదు.

చిక్కుడు గింజలు రెండు పీపాలు, కట్టెలు కప్పుదాకా, లాంతరు నూనె, ఉప్పు, కాఫీ, అన్నీ అమర్చాను. కొరత ఒక్కటే. నాన్న తుపాకీ గొట్టం అరిగిపోయి తూటా దానికి ఎటు బుద్ధి పుడితే అటు పోతోంది. నువ్వు ముప్ఫై ఏళ్ళుగా తుపాకుల కౌంటరు దగ్గర నిలబడుతున్నావు కదా. కరెంటు పోయినా, దారి మూసుకుపోయినా, ప్రభుత్వమే కూలినా అక్కరకొచ్చే చవక తుపాకీ ఏదో చెప్పు. మూడొందల డాలర్లు దాటకూడదు. ఎల్క్ దుప్పి ఒక్క దెబ్బకి పడాలి.

నీ అన్న
ఆర్విడ్

తా.క.: ప్రభుత్వం కూలితే తపాలా కూడా ఉండదు. త్వరగా జవాబు రాయి.


ఆగస్టు 19

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. ఎల్క్‌ని పడగొడతావు సరే, ఏడొందల పౌండ్ల దుప్పిని కొండెక్కించేది ఎవరు, నీ మోకాలా? బుద్ధిగా ఇరవైరెండు బోరుది తీసుకో. భుజం అదరదు, తూటా చవక. ఒంటి మనిషికి ఒక కుందేలు రెండు పూటలు వస్తుంది. బోల్టు లాగి పేల్చేదే కొను. దానంతటదే తూటా ఎక్కించుకునేవి నీకొద్దు. నువ్వు విప్పి బిగించినవేవీ ఈ భూమ్మీద మళ్ళీ పనిచేయలేదు. మా కాఫీ మిషను సాక్షి. భుజానికి ఆనించే మడమ కర్రదైతే అందంగా ఉంటుంది కానీ తడికి ఉబ్బుతుంది. ప్లాస్టిక్‌ది చూడ్డానికి బొమ్మలా ఉన్నా మాట వింటుంది.

నవంబరు ఒకటిన అయిదు డబ్బాలు నిలబెడతాను. మూడు పడాలి. అదే పరీక్ష.

నీ చెల్లెలు
సోల్వే

తా.క.: తుపాకీ కొనే ఫారం నింపడానికి నువ్వే రావాలి. పోయినసారి 'బరువు' అన్నచోట 'మోయగలను' అని రాశావు. ఈసారి అంకె వేయి.


సెప్టెంబరు 27

సోల్వేకి,

తుపాకీ భేషుగ్గా ఉంది. అయిదు డబ్బాలకి నాలుగు పడుతున్నాయి. అయిదోది గాలికి పడింది, అది లెక్కలోకి వేసుకోవడం లేదు. నువ్వు చెప్పింది ఒప్పని ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది.

ఇంకో చిన్న సంగతి. అచ్చం అలాంటిదే మరొకటి నా పేరు మీద తీసి పక్కన పెట్టు. ఎందుకని అడగకు.

ఆర్విడ్

తా.క.: భూమిలో ఉన్న ఇనుముని కనిపెట్టే యంత్రం మీ కొట్లో అద్దెకిస్తారా? ఊరికే తెలుసుకుందామని.

ఇంకో తా.క.: నా పార పిడి విరిగింది. గట్టిది ఒకటి పంపు.


అక్టోబరు 2

అన్నయ్యా,

ఉన్న తుపాకీ ఏమైంది?

సోల్వే

తా.క.: పార పంపుతున్నాను. ఒంటిగా ఉన్న మనిషికి నెలలో పార పిడి విరిగేంత పనేం పడింది?


అక్టోబరు 7

సోల్వేకి,

ఉన్నదానికేం, భద్రంగా ఉంది. ఎంత భద్రంగా ఉందంటే ఎవడొచ్చి వెతికినా దొరకదు. నాక్కూడా ప్రస్తుతం దానితో పని లేదు.

నువ్వు ఒక్క ముక్క ఉత్తరం రాసిన తీరు చూస్తే నా బుర్ర మీద అనుమానం ఉన్నట్టుంది. అమ్మమ్మ కుక్క పేరు టిప్. నీ పెళ్ళిలో కేకు ఎడమవైపుకి ఒరిగింది. మీ ఆయన రస్సెల్ నా దగ్గర తీసుకున్న రంపం 1988 నుంచి నాకింకా రాలేదు. చాలా?

రెండో తుపాకీ కింది ఇంటి బెర్నీస్ కోసం. ఆపద వచ్చినప్పుడు ఆమె నాకు తోడుంటానంది. మొన్ననే మాట్లాడుకున్నాం.

ఆర్విడ్

తా.క.: పార బాగుంది. ఇంకొకటి పంపు.


అక్టోబరు 12

అన్నయ్యా,

బెర్నీస్ అరిజోనా వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది. ఆమె మంచం ట్రక్కులోకి ఎక్కించి నువ్వే నడుం పట్టేసుకుని వారం రోజులు మా సోఫాలో మూలిగావు. మొన్న నువ్వు ఎవరితో మాట్లాడావు?

తోడే కావాలనుకుంటే నీకు లేని బెర్నీస్ గుర్తొచ్చింది, ఉన్న చెల్లెలు గుర్తు రాలేదు. అది పోనీలే. మళ్ళీ అడుగుతున్నాను. తుపాకీ ఏది? నిజం చెప్పు, కోప్పడను.

సోల్వే

తా.క.: బెర్నీస్ ఇక్కడున్నా ఆమెకి తుపాకీ అమ్మను. పేకాటలో ఓడితేనే పళ్ళాలు విసిరేది.


అక్టోబరు 20

సోల్వేకి,

నిజమే చెబుతున్నాను. బెర్నీస్ కథ నోటికొచ్చినట్టు అల్లాను. ఆపద రోజున మొదట ఇళ్ళల్లో తుపాకులే ఎత్తుకుపోతారని, తెలివైనవాడు భూమిలో దాస్తాడని ఒక చిన్న పుస్తకంలో చదివాను. గొట్టానికి కొవ్వు పూసి, గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ పైపులో పెట్టి మూతలు బిగించి పాతిపెట్టాను. విరిగిన దేవదారు నుంచి ఇంటి వైపు ఇరవై అడుగులు. ఎక్కడా రాసుకోలేదు. రాస్తే ఎవడైనా చదువుతాడు కదా.

వారం తర్వాత తవ్వితే అక్కడ ఏమీ లేదు. ఇరవై రెండు దగ్గర తవ్వాను, పద్దెనిమిది దగ్గర తవ్వాను. మొత్తం నలభై ఒక్క గుంతలు. మేకలు పాక దాటి రావడానికి భయపడుతున్నాయి.

గుంతలకి నేను భయపడను. నాకు ఆ ఇరవై అడుగులూ నిన్న వేసినట్టు గుర్తున్నాయి. అంత బాగా గుర్తున్నది అబద్ధమైతే, మిగతా గుర్తున్నవాటిని ఎలా నమ్మమంటావు? నా భయం అదీ. నువ్వే గెలిచావు సోల్వే. వెనకగది ఊడ్పించు. నేను వచ్చేస్తాను.

నీ అన్న
ఆర్విడ్

తా.క.: ఈ కొండ కొనేవాడికి బంగాళాదుంపలకి గుంతలు సిద్ధంగా ఉన్నాయని చెప్పు. ధర కాస్త పెంచవచ్చు.


అక్టోబరు 24

అన్నయ్యా,

కూర్చుని చదువు. ఇరవై అడుగులే. నీ బుర్రకి ఏమీ కాలేదు. ముందుగా తవ్వింది నేను.

సెప్టెంబరులో ఒక ఆదివారం నీకు జామ్ సీసాలు ఇద్దామని వచ్చాను. నువ్వు ఏటికి చేపలకి పోయావు. దేవదారు దగ్గర కొత్త మట్టి సమాధిలా కనబడింది. నీ కుక్క చచ్చిపోయిందేమో, పాతిపెట్టి నాకు చెప్పలేదేమో అనుకుని తవ్వి చూశాను. ఆపదకని కొన్న తుపాకీని ఆపద రాకముందే పాతేసినవాణ్ణి ముప్ఫై ఏళ్ళ కొట్టులో చూడలేదు. ఒళ్ళు మండి, గుంత మళ్ళీ పూడ్చి పట్టుకొచ్చేశాను. వారం ఏడిపించి ఇచ్చేద్దామనుకున్నాను. ఉన్నది ఏమైందని రెండుసార్లు అడిగాను కూడా. నువ్వు చెప్పి ఉంటే అప్పుడే ఇచ్చేదాన్ని.

తర్వాత నువ్వు ఓడిపోతే మా ఇంటికి వస్తావని తట్టింది. అప్పటినుంచి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. రస్సెల్ పోయాక నేను సాయంత్రాలు రేడియోలో వార్తలు చదివే అతనికి జవాబులు చెబుతున్నాను. ఆపద నీకని ఊరంతా చాటాను. నాకని చెప్పడానికి సిగ్గేసింది. నీకు నీ బుర్ర మీదే భయం పుట్టించాను. దానికి నన్ను క్షమించకపోయినా తప్పులేదు.

నువ్వు ఎక్కడికీ రానక్కర్లేదు. శనివారం నేనే తుపాకీ తీసుకుని వస్తున్నాను. కొట్టుకి వసంతం దాకా సెలవు పెట్టాను. ట్రక్కులో నా మంచం, కుర్చీ, రెండు పెట్టెలు ఉంటాయి. వద్దనుకుంటే రాయి. నీ జవాబు ఊళ్ళోకి చేరేసరికి నేను నీ వాకిట్లో ఉంటాను.

నీ చెల్లెలు
సోల్వే

తా.క.: పైపులో తుపాకీ ఒక్కటే ఉంది. తూటాలు ఎక్కడ పాతావో గుర్తు తెచ్చుకో. అవి మటుకు నేను తీయలేదు.