ఆల్విన్‌గారి గట్టిమేళం

పారమట్టా,
3 అక్టోబరు 1999

మా నాన్నకు లీల దణ్ణం పెట్టి రాసేది,

నీ అల్లుడు జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ వందేళ్ళు వెనక్కి పోకుండా పట్టుకునే పనిలో ఉన్నారు. నేను పక్కింటి ఆల్విన్‌గారి శాక్సాఫోను వింటూ గిన్నెలు కడుక్కుంటున్నాను. ఆయనది జమైకా దీవి. డెబ్బై ఏళ్ళు. నా ఇంగ్లీషు సరుకుల కొట్టు దాకానే గనక, ఆయన కథంతా నీ అల్లుడే తెలుగులో చెప్పారు. తల్లి ఊరందరి బట్టలూ ఉతికేదట. కన్యస్త్రీల బడిలో బ్యాండు మాస్టారి బెత్తం కింద ఊదడం నేర్చారు. వాళ్ళ సంగీతం పేరు స్కా. దెబ్బ పడాల్సిన చోట ఊరుకుని, ఊరుకోవాల్సిన చోట కొడతారు, కాళ్ళు వాటంతటవే లేస్తాయి. ఎన్నో రికార్డులకు ఊదారుగానీ ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ఓడలో బ్యాండు వాయిస్తూ సిడ్నీ వచ్చి, దిగిపోయి, పాతికేళ్ళు రైల్వేలో టికెట్లు చూశారు.

"ఎంత గొప్ప ఆర్టిస్టు!" అని నీ అల్లుడు కళ్ళు తుడుచుకున్నారు. అక్కడే నా మనసు కలుక్కుమంది. ఎందుకంటే నాన్నా, ఇక్కడ అందరికీ నువ్వు సంగీత కాలేజీ ప్రిన్సిపాలువని చెప్పారు. సన్నాయి మేళమని ఎవరితోనూ అనొద్దన్నారు. తన సొంత తాత వాయించిందీ డోలే కదా! నేనూ తలూపి ఊరుకున్నాను. ఏడాదిగా ఈ తప్పు మోస్తున్నాను.

ఇక్కడి తెలుగువాళ్ళలో శాంతి ఆంటీ అని ఉన్నారు, ఆవిడ కూతురు అమూల్య పెళ్ళికి సన్నాయి దొరకలేదు. కొత్త సంవత్సరం వస్తే విమానాలు ఎగరవేమోనని తొందరపడి ముహూర్తం పెట్టేశారు. ఆల్విన్‌గారిని పిలవమన్నాను. నన్ను తిట్టుకోకు.

నీ కూతురు,
లీల

పారమట్టా,
2 డిసెంబరు 1999

నాన్నా,

అమూల్య పెళ్ళి కబుర్లు, కూర్చుని చదువు. ఆల్విన్‌గారికి నేను వచ్చీరాని ఇంగ్లీషులో, సైగలతో నేర్పింది ఒక్కటే: పంతులుగారు చెయ్యెత్తగానే గట్టిగా, వేగంగా ఊదాలి, తుమ్ము కూడా వినపడకూడదు, మూడు ముళ్ళూ పడేదాకా ఆపకూడదు. పెళ్ళికొడుకు వివేక్ ఇక్కడే పుట్టినవాడు. అతనికి, మేళం మోగగానే ముడి వెయ్యమని వాళ్ళమ్మ నేర్పింది.

పంతులు ద్వారకానాథ్‌గారు వీడియో అబ్బాయిని పక్కకు జరగమని చెయ్యెత్తారు.

ఆల్విన్‌గారు అందుకున్నారు. వివేక్ చకచకా రెండు ముళ్ళు వేసేశాడు. ముహూర్తానికి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి!

"ఆగు నాయనా, ఆగు!" అని పంతులుగారి కేక.

"వాట్? మ్యూజిక్ వచ్చింది కదా అంకుల్!"

"మూడో ముడే లెక్క. అది వెయ్యకు. కదలకు!"

వివేక్ పెళ్ళికూతురి మెడ మీద చేతులుంచి వంగి నిలబడ్డాడు. "నడుం పోతోంది," అని అతను, "నా మెడ మీద చెమట కారుస్తున్నావ్," అని అమూల్య. ఆపకూడదన్నాను కాబట్టి ఆల్విన్‌గారు ఆపరు. అక్షింతలు పట్టుకున్న పెద్దవాళ్ళు కాళ్ళు ఆడిస్తున్నారు. ఆరో నిమిషానికి ఆయనకు ఊపిరి అందడం లేదు. నేను సిగ్గు మరిచి వెళ్ళి పక్కన నిలబడి, ఎక్కడ గుక్క తిప్పుకోవాలో చేత్తో తాళం వేసి చూపించాను. ఆయన నా చెయ్యి చూస్తూ ఊదారు. సరిగ్గా ముహూర్తానికి మూడో ముడి పడింది.

శాంతి ఆంటీ వచ్చి, "ఏమే లీలా, మేళం సంగతులు నీకెలా తెలుసే? మీ నాన్న ప్రిన్సిపాలు కదా?" అంది.

"కాదాంటీ. మా నాన్న పెళ్ళిళ్ళకు సన్నాయి వాయిస్తారు. ముప్ఫై ఏళ్ళుగా."

ఆల్విన్‌గారి మైకు నా పక్కనే ఉందని చూసుకోలేదు నాన్నా. హాలంతా విన్నది. నీ అల్లుడు చేతిలో లడ్డూతో అలాగే నిలబడిపోయారు.

కారులో బయల్దేరాం. ఇంటి ముందు ఆగాక, "ఇప్పుడు వాళ్ళంతా ఏమనుకుంటారు?" అన్నారు.

"ముగ్గురు అప్పుడే అడిగారు, మా నాన్న వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకు వస్తారా అని."

మర్నాడు పొద్దున, నిన్ను ఇక్కడికి పిలిపించడానికి వీసా కాగితాలు ముందేసుకున్నారు. వృత్తి అన్న చోట పెన్ను చాలాసేపు ఆగింది. చివరికి సన్నాయి విద్వాంసుడు అని రాసి, ఆల్విన్‌గారికి చదివి వినిపించారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఇంకాస్త పెద్దక్షరాలతో రాయమన్నారు.

సన్నాయి నాన్న కూతురు,
లీల