నీ గిన్నె మసి సంగతి

నాన్నా, అమ్మా, సాజవా ఏటి ఒడ్డున కులాసాగా ఉన్నాం.

పర్యావరణానికి మంచిదని, మాతో తొలిసారి విడిదికి వచ్చిన విలేమ్ గోధుమ తవుడుతో చేసిన పళ్ళేలు కొన్నాడు. ఉన్నవాటిని వాడటమే మేలని నేను అటక మీంచి నాన్న కాన్వాసు గుడారం, గిన్నె తెచ్చాను. నిన్న మంట దగ్గర వేడి గులాష్ మాంసం పులుసు వడ్డించాక, ఆ పళ్ళెం చెత్తే మిగల్చదని విలేమ్ ఉపన్యాసం ఇస్తుండగానే అది మెత్తబడి, పులుసంతా అతని ఒళ్ళో పడింది.

"నిజమేనోయ్, ఏమీ మిగల్లేదు!" అని కామిల్ బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు.

పాపం విలేమ్, చివరికి నాన్న గిన్నెలోనే తిన్నాడు. తిన్న కృతజ్ఞత కొద్దీ దాన్ని ఏటి ఇసకతో తళతళా తోమేశాడు. అవును నాన్నా, బయటివైపు కూడా! గిన్నె ఎన్ని మంటలు చూసిందో చెప్పే బయటి మసి తోమకూడదన్న మన గుడారాల వాళ్ళ పట్టింపు అతనికి తెలీదు. నీ కుర్రతనం నుంచి పట్టిన మసంతా పోయింది. బాబాయి టోపీ తీసి మౌనం పాటించాడు.

అమ్మా, మోకాలి నొప్పి తగ్గిందా? ప్లమ్ జామ్ గట్టిపడిందా? నా ఉన్ని మేజోళ్ళు పిన్నితో పంపు.

నాన్నా, అరవకు. మసి మళ్ళీ తనే పట్టిస్తానంటున్నాడు విలేమ్. దానికి ఓ జీవితకాలం పడుతుందట. అంతకాలం అతన్ని మన మధ్యే ఉంచుకోవాలిగా, మా పెళ్ళికి సరేనను.

చెల్లికి ముద్దులు.
మీ ద్రాహా