నాన్న గుర్తుపెట్టిన చోటు

కతెల్లో అన్నయ్యా,

నీ బోటు మొరాయించిందని నా దగ్గరికి పంపావే, ఆ మిలాన్ టూరిస్టు ఆవిణ్ణి నిన్న స్పీడ్‌బోటులో అమాల్ఫీ దాకా తిప్పాను. కొండకొమ్ము దాటగానే ఆవిడ లేచి నిలబడింది.

"ఆగాగు! చర్చి గోపురం సరిగ్గా ఆ తెల్లరాయి నెత్తిన కనబడాలి, అదే ఆ చోటికి గుర్తు. పోయినేడు మీ అన్నయ్య ఇక్కడే దూకి ఆక్టోపస్‌ని పట్టుకొచ్చాడు. మీ నాన్న చూపించిన చోటటగా, నీకు తెలీదా?"

"తెలుసండీ" అని నవ్వేసి దూకాను. అడుగున, ఆక్టోపస్‌లు వచ్చి దూరేందుకు నాన్న దింపిన మట్టికుండలు వరసగా ఉన్నాయి. తాళ్లు మాత్రం కొత్తవి.

ఆ చోటు ఎవరికీ చెప్పకుండానే నాన్న పోయాడని ఏడ్చింది నువ్వు. ఆరు వేసవులు దానికోసం మునిగింది నేను. ముక్కులోంచి రక్తం కారుతుంటే, "ఇంకొక్కసారి దూకరా, ఇక్కడే ఎక్కడో ఉంటుంది" అన్నావు. చివరికి చేతకానివాణ్ణనుకుని వేటే మానేశాను.

ఆదివారం అమ్మ దగ్గరికి భోజనానికి రాను. ఎందుకని అడిగితే నువ్వే ఏదో ఒకటి చెప్పు, నీకది బాగా వచ్చు.

ఆ ఆరేళ్లూ పడవ నడిపింది నువ్వేగా. ఎటు పోకూడదో నీకొక్కడికే తెలుసు.

ఇట్లు,
నువ్వు దూకమన్న చోటల్లా దూకిన
నీ తమ్ముడు