షోరూం బండ్ల రేసు అట!

చెన్నై

తమ్ముడు శీనుకు అన్న వెంకన్న దీవెనలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్నకు షిఫ్టు మారిందా? కొత్తగూడెంలో వానలు పడుతున్నాయని విన్నాను. ఇక్కడ చినుకు లేదు, ఒళ్లంతా జిడ్డు చెమట. అన్నం దొరుకుతుంది గానీ మన పచ్చిపులుసు ఏది? ఎవరైనా ఇటు వస్తుంటే ఇంటి కారం కొంచెం పంపించు.

నీ ఉత్తరం చూసి ఒళ్లు మండింది. బొగ్గు గనిలో ఫిట్టర్ ట్రైనింగుకు పిలుపొస్తే పోనంటావా? "షోరూం బండ్ల రేసే గదన్నా, నా బండి మీద నేనూ దిగుత" అని రాశావు. ఓరి పిచ్చోడా! ఆ పేరు చూసి నేనూ అలాగే మోసపోయాను.

ఈ రేసు బండ్ల షెడ్డులో మెకానిక్‌గా చేరిన కొత్తలో మా ఓనరు ప్రొడక్షన్ రేసుకు, అంటే నువ్వు రాసిన ఈ షోరూం బండ్ల రేసుకే, బండి తయారు చెయ్యమన్నాడు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి కాబోలనుకున్నాను. విప్పి మూలన పడేసిన అద్దాలు, సైడ్ స్టాండు, చీర గార్డు అన్నీ వెతికి బిగించాను. శుభ్రంగా కడిగి, బొట్టు పెట్టి, హ్యాండిల్‌కు నిమ్మకాయ కట్టాను. షెడ్డంతా పగలబడి నవ్వింది. మా సీనియర్ మెకానిక్ ఉప్పలయ్యది కారేపల్లి. ఆయనే దగ్గరికొచ్చి, "గిది పెండ్లికి పోయే బండి కాదురా. పేరు గట్ల పెట్టిండ్రు, గంతే. జల్దీ అన్నీ ఇప్పెయ్" అన్నాడు.

ఇక వీళ్ల వేషాలు చూడు. పిస్టన్ వేరు, కార్బురేటర్ వేరు, సైలెన్సర్ వేరు, టైర్లు వేరే దేశానివి. హెడ్‌లైటు పీకేసి అక్కడ హెడ్‌లైటు బొమ్మ అంటిస్తారు! అది చూసి జనం షోరూం బండే అనుకోవాలట. మైకులో ఒకడు "మీ ఇంటి ముందున్న బండే ఇది" అని గొంతు చించుకుంటాడు. సిగ్గుండాలి. పోనీ ఇది రేసు కోసం చేసిన బండి అని ఒప్పుకుంటారా అంటే అదీ లేదు. అలా ఒప్పుకుంటే షోరూంలో బండ్లు అమ్ముడుపోవు కదా. ఏది మార్చొచ్చో ఏది మార్చకూడదో ఏటా కొత్త రూల్సు రాస్తారు, రాసినవాళ్లకే అవి అర్థం కావు.

మొన్న ఆదివారం రేసుకు నీ ఈడువాడు ఒకడు నెల్లూరు నుంచి తన బండి నడుపుకుంటూ వచ్చాడు. నీలాగే పేరు నమ్మాడు. తనిఖీ చేసేవాళ్లు గేటు దగ్గరే ఆపి, ఇది పనికిరాదన్నారు. "షోరూం బండే కదండీ!" అన్నాడు పాపం. మా వాళ్లంతా నవ్వారు. వాడు కంచె బయట నిలబడి రేసంతా చూసి, సాయంత్రం బండి స్టార్ట్ చేసుకుని ఇంటికి పోయాడు. గెలిచిన బండితో సహా మావన్నీ లారీ ఎక్కాయి. అక్కడికి వచ్చినవాటిలో రోడ్డు మీద నడవగలిగింది వాడి బండి ఒక్కటే.

సోమవారం బుద్ధిగా వెళ్లి ట్రైనింగులో చేరు. అమ్మానాన్నలకు నా నమస్కారాలు. చండ్రుగొండ మేనత్తను అడిగానని చెప్పు. మళ్లీ చెబుతున్నాను, ఇక్కడికి రాకు. ఆ గేటు దగ్గర నిన్ను చూసి వాళ్లు నవ్వుతుంటే, వాళ్ల జీతం తింటూ నేను పక్కన నిలబడాలి. అది నావల్ల కాదురా.

నీ మేలు కోరే అన్న,
వెంకన్న